పెద్దబిడ్డ సంతకం

దత్తత కోసం పేరు నమోదు చేసుకునే దంపతులు జతపరచవలసిన కాగితాల జాబితా ఒకటి ఉంటుంది. ఫొటో, పాన్ కార్డు, పుట్టినతేదీ రుజువు, నివాసం రుజువు, ఆదాయం రుజువు, పెళ్ళి సర్టిఫికెట్, ఆరోగ్యం బాగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం, మన గురించి మంచిమాట చెప్పే ఇద్దరి ఉత్తరాలు. ఇవన్నీ ఒకసారి పోగుచేసినవాళ్ళమే కాబట్టి రెండోసారి మాకు పెద్ద బెరుకు కలగలేదు. కాని మొదటిసారి మాకు వర్తించనిది ఒకటి ఈసారి వర్తించింది. ఇంట్లో అప్పటికే ఐదేళ్ళు దాటిన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ సమ్మతి కూడా కావాలి.

మా పెద్దబిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. తనూ దత్తత వచ్చిన పిల్లే. 2013లో, పదకొండు నెలల వయసులో మా ఇంటికి వచ్చింది. అప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే వయసూ కాదు. ఇప్పుడు ఇంకొకరిని తెచ్చుకోవడానికి ఆమె సంతకం కావలసి వచ్చింది.

ఆరేళ్ళ పిల్ల సమ్మతికి విలువెంత? వద్దంటే మేమేం చెయ్యాలి? ఈ ప్రశ్నలతో మొదలుపెడితే అవి ఇంకా వెనక్కి, అసలు ఒక దత్తత అయ్యాక మరొకటి ఎందుకు అనే దగ్గరికి తీసుకుపోయాయి. దానికి మేం చాలామందికి చాలా జవాబులు చెప్పాం. వాటిలో నిజమెంతో తేలడానికి ఐదేళ్ళు పట్టింది.

మేముండేది ఖిలా వరంగల్లో. బయటివాళ్ళకు కోట అంటే చూసిపోయే చోటు. మాకు అది ఊరు. మట్టికోట, రాతికోట, వాటి లోపల ఇళ్ళు, పొలాలు, గుళ్ళు, కిరాణా కొట్లు. కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగేవాళ్ళ పక్కనుంచే మేం కూరగాయల సంచీ పట్టుకుని ఇంటికి పోతుంటాం. ఇట్లాంటి ఊళ్ళో ఒక ఇంటి సంగతి పది వాకిళ్ళకు తెలియకుండా ఉండదు. 2013లో మేం బిడ్డను తెచ్చుకున్నప్పుడు వచ్చి చూసినవాళ్ళలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు కులం అడిగారు, ఇంకొందరు "కడుపుల పుట్టినట్టయితదా" అని గుసగుసలాడారు. ఎందుకు తెచ్చుకున్నారు అని మాత్రం ఎవరూ అడగలేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. కారణం అందరికీ తెలుసు.

2018లో, ఇంకో బిడ్డను తెచ్చుకుందామనుకుంటున్నాం అని చెప్పగానే ఆ ప్రశ్న వచ్చింది. "ఉన్నది గదనే, మళ్ళెందుకు?" అంది పక్కింటి పెద్దమ్మ. మా అత్తమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఒక్క బిడ్డను సాదుకున్నరు, సాలదా? అంతగా కావాలంటే పిలగాన్ని తెచ్చుకోండ్రి."

నాకు మొదట కోపమొచ్చింది. కడుపున పుట్టిన రెండో బిడ్డకు ఎవరైనా కారణం అడుగుతారా? మా ఆడబిడ్డకు ఇద్దరు కొడుకులు. రెండోవాడు ఎందుకు అని ఆమెను అడిగినవాళ్ళను నేను చూడలేదు. కాని కోపం తగ్గాక ఆలోచిస్తే, తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదనిపించింది. దత్తత అనే మాటను మనం ఎప్పుడూ ఒక లోటు పక్కనే విన్నాం. లోటు తీరితే దానితో ఇక పనేమిటి?

మా ఊరి చరిత్రే తీసుకోండి. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. ఇద్దరు కూతుళ్ళు, రుద్రమ, గణపాంబ. గణపాంబను కోట వంశపు బేతరాజుకిచ్చి చేశారు. రుద్రమను కొడుకుగా ప్రకటించి రాజ్యం అప్పగించారు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఆమెకూ కొడుకుల్లేరు. తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుడిని చేసింది. ఇక్కడ పెరిగే పిల్లలందరికీ ఈ కథ తెలుసు. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. సింహాసనానికి మనిషి కావాలి, దొరికాడు, ఖాళీ నిండింది. రాజ్యం లేని ఇళ్ళలో తలకొరివి పెట్టడానికో, ఆస్తి అనుభవించడానికో మనిషి కావలసి వచ్చేది. అవసరం పెద్దవాళ్ళది, బిడ్డ ఆ అవసరానికి జవాబు.

చట్టం కూడా చాలాకాలం ఇదే లెక్కలో నడిచింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పదకొండో సెక్షను ప్రకారం, కూతుర్ని దత్తత తీసుకునేవాళ్ళకు అప్పటికే బతికున్న కూతురు గాని, కొడుకు కూతురు గాని ఉండకూడదు. కొడుకును తీసుకోవాలంటే కొడుకు, మనవడు, మునిమనవడు ఉండకూడదు. ఉన్న బిడ్డ కడుపున పుట్టిందా, దత్తత వచ్చిందా అనే తేడా లేదు. అంటే ఆ చట్టం కింద మా ఇంటికి రెండో ఆడపిల్ల రాలేదు, మగపిల్లవాడు రావచ్చు. అత్తమ్మకు సెక్షన్లు తెలియవు గాని, ఆమె అన్నదీ చట్టం అన్నదీ ఒకటే మాట. కూతురనే ఖాళీ ఒకసారి నిండింది, ఇక మిగిలింది కొడుకనే ఖాళీ.

ఆ సెక్షను ఇప్పటికీ అట్లాగే ఉంది. కాకపోతే 2000లో వచ్చిన బాల న్యాయ చట్టం పక్కనుంచి ఇంకో దారి తెరిచింది. ఇంట్లో ఎంతమంది ఉన్నా, అదే లింగానికి చెందిన బిడ్డను దత్తత తీసుకోవచ్చంది. 2009లో, అప్పటికే ఒక కూతురు ఉండి ఇంకో ఆడపిల్లను తెచ్చుకున్న దంపతుల వ్యవహారం బొంబాయి హైకోర్టు ముందుకొచ్చింది. తల్లిదండ్రులు లేని, వదిలేసిన పిల్లలకు ఇల్లు దొరకడానికి చేసిన చట్టానికి పాత సెక్షను అడ్డు కాదని కోర్టు తేల్చింది. ఈ రెండు చట్టాలకూ మధ్య ఉన్న తేడా నాకు చాలా పెద్దదిగా కనిపించింది. మొదటిది ఇంట్లో ఎవరు లేరని అడుగుతుంది. రెండోది బిడ్డకు ఎవరున్నారని అడుగుతుంది.

ఇది అర్థమయ్యాక, జనం అడిగినదానికి మేం చెబుతూ వచ్చిన జవాబు గొంతులో అడ్డం పడింది. మేం చెబుతున్న జవాబు, "దానికి తోడు కావాలి గదా." అందరికీ నచ్చే మాట అది. ఆ మాట విన్నాక అత్తమ్మ కూడా మెత్తబడింది. రేపు మేం పోయాక పెద్దది ఒంటరిదవుతుంది, దత్తత వచ్చిన పిల్లకు దత్తత వచ్చిన పిల్లే తోడు, ఒకరి మనసు ఒకరికి తెలుస్తుంది, ఇట్లా పెంచుకుంటూ పోయాం. కాని తోడు కోసం తెచ్చుకోవడం అంటే ఏమిటి? తలకొరివికి బదులు తోడు. పెద్దవాళ్ళ అవసరానికి బదులు పెద్దబిడ్డ అవసరం. వచ్చే బిడ్డ మాత్రం మళ్ళీ ఇంకొకరి లోటుకు జవాబుగానే వస్తుంది. మరి ఇద్దరికీ పడకపోతే? వచ్చిన పిల్ల తోడుగా ఉండకపోతే, ఆమె వచ్చిన పని కానట్టేనా?

ఈ ప్రశ్న ఊరికే వాదన కోసం అడగడం లేదు. ఇళ్ళలోని అవసరం బయట గిరాకీగా మారితే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 1999లో, మళ్ళీ 2001లో, దత్తత పేరు మీద లంబాడా తండాల నుంచి ఆడబిడ్డల్ని కొని అమ్మిన వ్యవహారాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డాయి. మంచి ఇళ్ళలో మంచి మనుషులు కోరుకున్న కోరికే, నాలుగు చేతులు మారి తండాకు చేరేసరికి ధర అయింది. ఇప్పుడు పద్ధతి మారింది. అందరూ ఒకే చోట నమోదు కావాలి, వరుస ప్రకారం ఎదురుచూడాలి. కాని పద్ధతి మారినంత మాత్రాన కోరిక తనను తాను ప్రశ్నించుకోనక్కర్లేదని కాదు. ప్రతి దత్తతకు వెనక ఒక బిడ్డ ఒక తల్లి నుంచి విడిపోవడం ఉంటుంది. అది మన అవసరం కోసం జరిగిందని అనుకోవడం మొదలుపెడితే చాలా దూరం తప్పిపోతాం.

మా ఇంట్లో సమ్మతి సంగతికి వస్తాను. పోటీ పరీక్షలకు చదివినవాళ్ళందరికీ ఒక బిట్టు గుర్తుంటుంది. ఆంధ్రుల ప్రస్తావన మొదట ఎక్కడ కనిపిస్తుంది? ఐతరేయ బ్రాహ్మణంలో. నేనూ అట్లాగే బట్టీపట్టాను. ఆ ప్రస్తావన ఏ సందర్భంలో వచ్చిందో చాలా ఏళ్ళ తర్వాత గాని చదవలేదు. అది ఒక దత్తత తగాదా.

హరిశ్చంద్రుడి కథే అది. మనం నాటకంలో చూసే కాటికాపరి కథ కాదు, దానికి ముందటిది. కొడుకును యజ్ఞంలో బలి ఇస్తానని వరుణుడికి మాటిచ్చిన హరిశ్చంద్రుడికి, కొడుకుకు బదులు ఇంకొకడు కావలసి వచ్చింది. అజీగర్తుడనే పేద బ్రాహ్మణుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి ఇవ్వనన్నాడు తండ్రి. చిన్నవాణ్ణి ఇవ్వనంది తల్లి. నడిమివాడు శునశ్శేపుణ్ణి నూరు ఆవులకు అమ్మేశారు. యూపానికి కట్టడానికి ఇంకో నూరు, నరకడానికి మరో నూరు తీసుకున్నాడు తండ్రే. పిల్లవాడు దేవతలను వేడుకుని బయటపడ్డాడు. పోయి విశ్వామిత్రుడి ఒడిలో కూర్చున్నాడు. అప్పుడు అజీగర్తుడు నా కొడుకును నాకివ్వమన్నాడు. పిల్లవాడు వెళ్ళనన్నాడు.

విశ్వామిత్రుడికి అప్పటికే నూటొక్క మంది కొడుకులు. ఆయనకు లోటు లేదు. అయినా నా కొడుకుగా ఉండు, అందరికీ పెద్దవాడివిగా ఉండు అన్నాడు. నన్ను ఇక్కడ ఆపింది శునశ్శేపుడు అడిగిన మాట. నీ కొడుకులు ఒప్పుకున్నారని వాళ్ళ చేత చెప్పించు, అప్పుడు వస్తానన్నాడు. ఒకసారి అమ్ముడుపోయిన పిల్లవాడు. తండ్రి ప్రేమ ఒక్కటీ చాలదని వాడికి తెలుసు. ఇంట్లో ఉన్న పిల్లలు ఏమంటారో తెలియాలి.

విశ్వామిత్రుడు కొడుకుల్ని అడిగాడు. నడిమివాడు మధుచ్ఛందుడు, అతనికంటే చిన్నవాళ్ళు యాభైమంది ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళు యాభైమంది ఒప్పుకోలేదు. తండ్రి వాళ్ళను శపించాడు. మీ సంతానం అంచుల్లోకి పోతుంది అన్నాడు. ఆ పోయినవాళ్ళే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని కథ. ఇక్కడ ఆంధ్రులంటే ఇవాళ మనం అనే ప్రాంతం లెక్కలో కాదు. మన పేరు తొలిసారి పుస్తకానికెక్కింది, దత్తత తమ్ముణ్ణి అన్నగా ఒప్పుకోని పిల్లల పేరుగా.

చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆ యాభైమంది మీద జాలి కలిగింది. వాళ్ళను అడిగింది ఇంట్లో చోటు ఒక్కటే కాదు. వాళ్ళ పెద్దరికం కూడా. పైగా వద్దంటే శాపం. జవాబు తప్పయితే ఇంట్లోంచి పోవాలన్నప్పుడు, దాన్ని అడగడం అనలేం. తక్కిన యాభైమంది ఒప్పుకున్నారంటే, అందులో ఇష్టం ఎంతో భయం ఎంతో ఎవరికి తెలుసు?

అందుకే మా పెద్దదాన్ని అడిగేముందు నేనూ మా ఆయనా ఒక మాట అనుకున్నాం. వద్దంటే, నిజంగా ఆపాలి. ఆపలేకపోతే అడగకూడదు. "ఆరేండ్ల పిల్ల నెత్తి మీద ఇంత బరువు పెడుతున్నమా?" అన్నాడాయన. ఆ అనుమానం నాకూ ఉంది. నిర్ణయం మాది, దాని బరువు ఆమె మోయకూడదు. కాని ఆ ఇల్లు ఆమెది కూడా. ఇంట్లో ఉన్నవాళ్ళకు చెప్పకుండా ఇంటికి మనిషిని తేవడం ఎట్లా?

అడిగాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"మళ్ళ ఎంచుకుంటానికి పోతరా?"

నాకు ఒళ్ళు చల్లబడింది. ఎంచుకోవడం అనే మాట మేం నేర్పిందే. తను దత్తత వచ్చిందని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. పడుకునే ముందు ఒక కథ చెప్పేదాన్ని. పెద్ద గది, గది నిండా తొట్టెలు, ఒక్కో తొట్టెలో ఒక్కో పాప, అమ్మా నాన్నా అందరినీ చూసుకుంటూ వచ్చి నీ దగ్గర ఆగిపోయారు, నువ్వు నవ్వావు, మాకు ఈ పాపే కావాలన్నాం. ఆ కథను ఆమె వంద సార్లు చెప్పించుకుంది. తక్కిన తొట్టెల్లో పాపల సంగతేమిటని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది ఇంచుమించు అదే.

"ఈసారి నాకంటె మంచిది దొరికితే?"

దత్తత పిల్లలకు "నిన్ను ఎంచుకున్నాం" అని చెప్పడం మంచిదని మేం నమ్మాం. కన్నవాళ్ళకు ఏ బిడ్డ పుడితే ఆ బిడ్డ, మేం మాత్రం కోరి తెచ్చుకున్నాం అని. వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఎంచుకోవడం అంటే పోల్చడం. ఒకసారి పోల్చినవాళ్ళు మళ్ళీ పోల్చవచ్చు. రెండో దత్తత మాట రాగానే ఆ కథలోని ప్రేమంతా పక్కకు పోయి పోటీ మాత్రం మిగిలింది.

పైగా ఆ కథ అబద్ధం. 2013లో మాకు తొట్టెలున్న గదేదీ చూపించలేదు. ఒక ఫైలు చూపించారు, తర్వాత ఒక బిడ్డను చూపించారు. ఆమె నవ్వలేదు, జలుబుతో ముక్కు కారుతోంది. మేం సరే అన్నాం. ఇంకో బిడ్డ అయినా సరే అనేవాళ్ళమే. ఇప్పుడు నియమాలు కూడా దాదాపు ఇంతే. ఒక్కోసారి ఒక్క బిడ్డ వివరాలే పంపిస్తారు. సరే అనో వద్దు అనో చెప్పడానికి నలభై ఎనిమిది గంటలు ఇస్తారు. అంగట్లో సరుకు చూసినట్టు పిల్లల్ని వరసగా చూసి ఒకరిని ఏరుకోవడం ఉండకూడదనే ఆ పద్ధతి.

"వద్దు" అంది మా పెద్దది. మేం ఆపేశాం. మళ్ళీ అడగలేదు. అడగకుండా ఉండటం తేలిక కాలేదు. ఎక్కడో ఒక బిడ్డ ఎదురుచూస్తూ ఉంటుందని నాకు రాత్రిళ్ళు అనిపించేది. మళ్ళీ నేనే సర్దిచెప్పుకునేదాన్ని. చిన్నపిల్లల కోసం ఎదురుచూసే దంపతులు మాకంటే ముందు చాలామంది ఉన్నారు, మేం లేకపోతే ఆగిపోయేదేమీ లేదు అని. అది నిజం. అయితే మరి మేమెందుకు అన్నదానికి ఆ నిజం జవాబు చెప్పదు. బిడ్డకు మేలు చేస్తున్నామనే మాట కూడా అక్కడ వీగిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. మాకు ఇంకో బిడ్డను పెంచాలని ఉంది. ఇంతకంటే గొప్ప కారణం మా దగ్గర లేదు.

ఆ నెలల్లో నేను చేసిన పని ఒక్కటే, తొట్టెల కథ మానేయడం. జలుబు కథ చెప్పాను. ఎవరినీ ఎంచుకోలేదు, నువ్వొచ్చినవ్, నీ ముక్కు తుడిచిన, అంతే అన్నాను. మొదట ఆమెకు నచ్చలేదు. తర్వాత తర్వాత ముక్కు ఎట్లా తుడిచావో చూపించమని అడిగేది.

తొమ్మిది నెలల తర్వాత, 2019లో, ఒకరోజు తోరణాల దగ్గర గడ్డిలో ఆడుకుని ఇంటికి వస్తుంటే తనే మాట ఎత్తింది. సంతకం పెడతానంది. కాని మేమూ ఒకటి రాసివ్వాలంది.

"తెచ్చినంక వాపస్ ఇయ్యొద్దు. ఏడ్చినా ఇయ్యొద్దు. రాసియ్యిండ్రి."

ఆమె నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద రాసిచ్చాం. ఇద్దరం సంతకం చేశాం. అప్పుడామె మా కాగితం మీద తన పేరు రాసింది, కొత్తగా నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో. మా సమ్మతిని ఆమె తీసుకుందో, ఆమె సమ్మతిని మేం తీసుకున్నామో నాకు ఇప్పటికీ తెలియదు.

మా వంతు వచ్చేసరికి మూడేళ్ళు దాటింది. మధ్యలో కరోనా. 2023 సంక్రాంతి దాటాక చిన్నది ఇంటికి వచ్చింది, రెండున్నరేళ్ళ పిల్ల. చట్టాన్ని 2021లో సవరించాక, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు వచ్చేదాకా బిడ్డ మన ఇంట్లోనే ఉంటుంది, కాని ఇంకా మన బిడ్డ కాదు.

మొదటి రెండు వారాలు చెప్పనలవి కాదు. అన్నం ముద్దలు దిండు కింద దాచేది. ఎత్తుకుంటే ఒళ్ళు కర్రలాగా బిగించేది. రాత్రిళ్ళు ఏడుపు లేదు, కళ్ళు తెరుచుకుని పడుకునేది. పెద్దది మొదటి వారం తన బొమ్మలన్నీ ఇచ్చింది. రెండో వారం ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది. ఒక రాత్రి చిన్నది పెద్దదాని డ్రాయింగు పుస్తకం చింపింది. లాక్కోబోతే ముంజేయి కొరికింది, రక్తం వచ్చింది. అప్పుడంది పదేళ్ళ మా పెద్దది.

"దీన్ని వాపస్ ఇచ్చేద్దాం."

మా తమ్ముడు పుట్టినప్పుడు నేనూ మా అమ్మతో అన్నానట, వీణ్ణి దవాఖానాలనే ఇచ్చి రా అని. ఇప్పటికీ ఇంట్లో అది చెప్పుకుని నవ్వుతారు. ప్రతి ఇంట్లో పెద్దపిల్లలు అనే మాటే. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే మా ఇంట్లో అది నిజంగా జరగగలిగే పని. ఉత్తర్వు రాకముందు విడిపోతే ఒక పేరు, వచ్చాక రద్దయితే ఇంకో పేరు, నియమాల్లో రెండింటికీ మాటలున్నాయి. అనగానే పెద్దది నోరు మూసుకుంది. నా ముఖంలోకి చూసింది.

ఇక్కడ నేను దాచకూడనిది ఒకటుంది. జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. రెండు వారాలుగా నిద్ర లేదు. దారి ఒకటి తెరిచే ఉందని నాకు తెలుసు. ఆ దారి వైపు నేను చూడలేదని చెప్పలేను. "ఇయ్యం" అన్నాడు మా ఆయన, పక్క గదిలోంచి. నేనూ అన్నాను, ఆయన తర్వాత. పెద్దది ఆ తేడాను గమనించింది.

అర్ధరాత్రి నా పక్కకు వచ్చి పడుకుంది.

"నన్ను తెచ్చినప్పుడు గూడ ఇట్లనే అనుకున్నవా?"

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో. తొట్టెల కథ ఒకటి చెప్పి పట్టుబడ్డదాన్ని. "అనుకున్న" అన్నాను. "ఒక్క రాత్రి. పదకొండు రోజులు ఆగకుండ ఏడ్చినవ్."

"మరెందుకు ఇయ్యలే?"

ఆలోచించాను. ముద్దొచ్చావని చెప్పనా? నవ్వావని చెప్పనా? పిల్లల్లేరు కాబట్టి అని చెప్పనా? ఏది చెప్పినా అది ఒక కారణం అవుతుంది, రేపు అది పోవచ్చు. ముద్దు పోతుంది, నవ్వు పోతుంది, పిల్లల్లేరన్న మాట ఆ ఇంట్లో అప్పటికే పోయింది.

"ఏమో బిడ్డా. ఇయ్యలే."

ఆమె ఇంకేమీ అడగలేదు. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. నాకు నిద్ర పట్టలేదు. రెండో దత్తత ఎందుకు అని ఇన్నాళ్ళూ అందరికీ కారణాలు వెతికిన నేను, మొదటి దత్తత ఎందుకు నిలిచిందో చెప్పమంటే ఒక్క కారణమూ చెప్పలేకపోయాను. బహుశా నిలవడానికి కారణం ఉండకూడదు. తెచ్చుకోవడానికి ఏ కారణమైనా ఉండనీ, లోటు, తోడు, ఆశ, ఏదైనా సరే. ఒకసారి గడప దాటి లోపలికి వచ్చాక ఆ బిడ్డ చోటు వాటి మీద ఆధారపడితే, ఆ చోటు అద్దె ఇల్లే. పెద్దబిడ్డకు ఇది మాకంటే ముందే తెలుసు. ఆమె రాయించుకున్న కాగితంలో చెల్లెలు మంచిగా ఉండాలని లేదు, తనతో ఆడుకోవాలని లేదు. వాపసు ఇవ్వకూడదని ఒక్కటే ఉంది. ఆ షరతు చెల్లెలి కోసం పెట్టిందని అప్పుడు అనుకున్నాం. అందులో సగం తన కోసం.

ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు సోషల్ వర్కర్ మేడమ్ ఇంటికి వచ్చి చూసిపోయారు. వాళ్ళిద్దరూ ప్రాణానికి ప్రాణంగా ఉన్నారని నేను రాయలేను. కొట్టుకుంటారు. చిన్నది ఇప్పటికీ బిస్కెట్లు ఎక్కడో ఒకచోట దాస్తుంది. ఎక్కడ దాచిందో పెద్దదానికి తెలుసు, మాకు చెప్పదు. వాపస్ అనే మాట ఆ రాత్రి తర్వాత ఇంట్లో వినబడలేదు చాలా రోజులు. ఈ మధ్య మళ్ళీ వినబడింది, చిన్నదాని నోటి నుంచి, కోపంలో, అక్క గురించి. "అక్కను వాపస్ ఇచ్చేద్దాం." పెద్దది పడీ పడీ నవ్వింది. మేమూ నవ్వాం.

చిన్నదానికి ఐదేళ్ళు నిండిన రోజు కేకు కోస్తుంటే పెద్దది నా చెవిలో అంది.

"ఇప్పుడు ఇంకొకలను తేవాల్నంటె దీని సంతకం గూడ కావాలె. అది అస్సలు పెట్టది."